నెలకు ఒకే వారం

పాత కంప్యూటర్ల మీద బెంగ పెట్టుకున్నవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. టీవీకి తగిలించుకునే ఆ కీబోర్డు పెట్టెలు, క్యాసెట్టులోంచి కీచుమంటూ ఎక్కే ప్రోగ్రాములు, నల్లటి తెర మీద మిణుకుమిణుకుమనే చిన్న గడి, ఇవన్నీ తలుచుకుని తెగ మురిసిపోతున్నారు. మురవనివ్వండి, మనదేం పోయింది. కాకపోతే ఒక్క సంగతి మాత్రం అందరూ సుఖంగా మరిచిపోయారు. ఆ ప్రోగ్రాములు సగానికి సగం నడిచేవి కావు. పత్రికలో అచ్చయిన వరసలన్నీ చూసి, వేళ్ళు నొప్పిపుట్టేదాకా కొట్టుకుని, ఆఖర్న మీట నొక్కితే యంత్రం మొహాన తలుపేసేది. ఆ తప్పుల్లో కొన్ని కొట్టినవాళ్ళవి, కొన్ని రాసినవాళ్ళవి, కొన్ని అచ్చువేసినవాళ్ళవి. మొదటి రెండు రకాలవాళ్ళూ తమ కథలు బోలెడు చెప్పుకున్నారు. అచ్చువాళ్ళ వైపు నుంచి ఎవరూ చెప్పలేదు కనక నేను చెబుతున్నాను.

ఆవిడ ఒక మాసపత్రికలో ప్రూఫ్ రీడరు. అరవై నాలుగు పేజీల పత్రిక. సీరియలు, రెండు కథలు, ఆరోగ్యం, గళ్ళనుడికట్టు, పాఠకుల ప్రశ్నలు, అన్నీ తలా కాస్త ఉండేవి. రచయితలు పంపిన కాగితాలు చదివి, దిద్ది, కంపోజింగుకు ఇవ్వడం ఆవిడ పని. సీసపు అక్షరాలు పేర్చి తీసిన ప్రూఫు వచ్చాక దాన్ని మళ్ళీ చదవడం కూడా ఆవిడ పనే. ఎదుట అందరూ 'అక్కయ్యగారూ' అనేవాళ్ళు. చాటున 'భూతద్దం' అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల సంతోషించేది కూడా.

చదివేటప్పుడు వరస కింద ఒక ఇనప స్కేలు పెట్టుకునేది. ఒక్కో వరసా పూర్తికాగానే స్కేలును కిందికి జరిపేది. పెదాలు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. ఇరవై రెండేళ్ళుగా అదే స్కేలు, అదే కుర్చీ. ఆవిడకు బాగా అచ్చొచ్చిన వేట ఒకటుండేది. రాసేవాళ్ళు పరధ్యానంలో ఒకే మాటను రెండుసార్లు రాసేస్తుంటారు. సాపు ప్రతి ఎత్తి రాసేటప్పుడైతే ఏకంగా వరసకు వరసే రెండుసార్లు పడుతుంది. మామూలు కంటికి అది ఆనదు, జారిపోతుంది. ఆవిడ కంటికి మాత్రం కొట్టొచ్చినట్టు కనపడేది. ఎర్ర కలంతో టక్కున ఒక గీత గీసేది. ఇలాంటివాటికి రచయితను పిలిచి అడగడం ఆ ఆఫీసులో ఆనవాయితీ కాదు. అడిగితే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, పైగా పని ఆలస్యం.

ఆ పత్రికలో యాభై ఏడో పేజీ 'ఇంటి కంప్యూటరు'. రాసేది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే మెకానిక్కు ఒకాయన. ఆఫీసులో ఆయన్ని ఎక్స్ఛేంజాయన అనేవాళ్ళు. సన్నటి మనిషి, మాట తక్కువ, చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు. నెలకో ప్రోగ్రామును గళ్ళకాగితం మీద గడికో అక్షరం చొప్పున రాసి, దానికి నాలుగు పేరాల వివరణ జతచేసి, ఎడిటరుగారి బల్లమీద పెట్టి, "ఈ నెలదండీ" అని వెళ్ళిపోయేవాడు. పద్నాలుగు నెలలుగా అంతే. ఎక్స్ఛేంజిలో ఆయన పేరు ఎక్కడా రాయరు, బాగుచేసిన లైనుకు సంతకం ఉండదు కదా. ఆయన పేరు అచ్చులో కనపడే చోటు లోకం మొత్తానికి ఆ యాభై ఏడో పేజీ అడుగునే. కొత్త సంచిక రాగానే ఒక కాపీ తీసుకుని, అక్కడే నిలబడి, ఆ పేజీ ఒక్కటీ చూసుకుని వెళ్ళేవాడు.

ఆఫీసులోనూ ఒక కంప్యూటరు ఉండేది. చందాదారుల జాబితా అందులో పెడదామని ఎడిటరుగారు ముచ్చటపడి కొన్నారు. కొన్నాక ఎలా పెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఎడిటరుగారి భార్య పూలు కుట్టిన గుడ్డ ఒకటి పంపితే అది కప్పి, మూలబల్ల మీద చిన్న టీవీ పక్కన ఉంచారు. పెద్దవాళ్ళెవరైనా ఆఫీసు చూడటానికి వస్తే గుడ్డ తీసేవారు. వాళ్ళు మెట్లు దిగగానే మళ్ళీ కప్పేసేవారు. కొత్త పెళ్ళికూతురికైనా అంత మర్యాద జరగదు.

పదిహేనో నెల ఎక్స్ఛేంజాయన ఒక క్యాలెండరు ప్రోగ్రాము తెచ్చాడు. నెల, సంవత్సరం చెబితే తెర మీద ఆ నెల మొత్తం వారాల వారీగా గీసి చూపిస్తుంది. అరవై రెండు వరసలు. అక్కయ్యగారు స్కేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఆవిడకు ప్రోగ్రాము అర్థం కాదు. అర్థం కావలసిన అవసరమూ లేదు, ఉన్నది ఉన్నట్టు అచ్చయితే చాలు. చదువుతూ చదువుతూ 240 దగ్గరికి వచ్చింది. 240 నెక్స్ట్. స్కేలు జరిపింది. 250 నెక్స్ట్. పాపం, ఎత్తి రాస్తూ రాస్తూ కునికినట్టున్నాడు, అదే వరస రెండుసార్లు పడింది, నంబరు మాత్రం అలవాటు మీద ముందుకెళ్ళిపోయింది అనుకుంది. ఫోను చేసి అడగొచ్చు. ఆయన కూర్చునేదే ఫోన్ల మధ్య. కానీ ఇంత చిన్న విషయానికి ఫోనేమిటని 250 మీద ఎర్రగీత గీసేసింది. ఒక పొరపాటు పట్టుకున్న తృప్తితో ఆ పూట టీ కూడా రుచిగా అనిపించింది.

సంచిక వెళ్ళిన పది రోజులకు ఉత్తరాలు మొదలయ్యాయి. మూడు వచ్చాయి, మర్నాడు తొమ్మిది, ఆ వారానికి డెబ్బై దాటాయి. అందరిదీ ఒకే గోల. ప్రోగ్రాము నడుస్తోంది, తప్పేమీ చూపించడం లేదు, కానీ నెలలో మొదటి వారం ఒక్కటే గీసి ఆగిపోతోంది. మర్యాదగా రాసినవాళ్ళు కొందరు, తిట్టినవాళ్ళు ఎక్కువమంది. ఒకాయన, మీ పత్రికవారికి నెలకు ఒకే వారం కాబోలు, అలాగైతే పత్రిక కూడా వారానికోసారి వెయ్యండి, మాకేం అభ్యంతరం లేదు అని రాశాడు. కంప్యూటరు మొహం చూడనివాడి చేత ఆ పేజీ రాయిస్తున్నారని ఇంకొకాయన తేల్చేశాడు.

ఎడిటరుగారు దేనికీ భయపడని మనిషి, ఒక్క ఉత్తరాలకు తప్ప. ఎక్స్ఛేంజాయనను పిలిపించి, డెబ్బై ఉత్తరాలూ ఎదుట కుప్పపోసి, రాసేముందు ఒకసారి నడిపి చూసుకోకూడదా అని అడిగారు. ఆయన కుప్పలోంచి రెండు తీసి చదివాడు. పక్కనున్న సంచిక తెరిచి యాభై ఏడో పేజీని ఒక్క నిమిషం చూశాడు. ఒకసారి తలెత్తి, గది బయట అక్కయ్యగారు కూర్చున్న హాల్లోకి చూసి, మళ్ళీ దించేసుకున్నాడు.

"నాదే పొరపాటై ఉంటుందండీ," అన్నాడు.

అంతే. ఎడిటరుగారు ఆ నిమ్మకునీరెత్తినట్టున్న జవాబుకు ఇంకా మండిపడ్డారు. వచ్చే సంచికకు ఎలాగూ పేజీ కంపోజయింది కాబట్టి వేస్తామనీ, ఆపై నెల నుంచి ఆ పేజీ ఉండదనీ, దాని బదులు ఇల్లు సర్దుకోవడం మీద ఏదో వేస్తామనీ చెప్పేశారు. ఆయన సరేనండీ అని, జేబులో స్క్రూడ్రైవరు సర్దుకుని, వెళ్ళిపోయాడు. అలాంటప్పుడు మనుషులు కాస్తయినా వాదిస్తారు. ఆయన వాదించకపోవడం అక్కయ్యగారికి ఎబ్బెట్టుగా తోచింది.

అయినా ఆవిడ పట్టించుకునేది కాదేమో. కంపోజిటరు ఒకడు, పాతకాపు, ఆవిడతో సమానంగా సర్వీసున్నవాడు, పక్కనుంచి పోతూ పోతూ ఆ మాట అన్నాడు.

"మన చేతుల్లో ఏమీ జరగలేదు కదా, అక్కయ్యగారూ?"

ఆవిడకు తలకొట్టేసినట్టయింది. తన చేతిలోంచి పోయిన పేజీలో తప్పా? ఇరవై రెండేళ్ళలో ఆ మాట అన్నవాడు లేడు. సరే, ఆ ప్రోగ్రామును ఒక్క అక్షరం పొల్లుపోకుండా తానే కొట్టి చూస్తుంది, అది అప్పుడూ నడవకపోతే తప్పు రాసినాయనదేనని తేలిపోతుంది, పీడా వదిలిపోతుంది. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ బయటికి పోగానే మూలబల్ల మీది పూలగుడ్డ తీసి మడతపెట్టింది.

కీబోర్డు మీద అక్షరాలు ఆవిడ ఎరిగిన వరసలో లేవు. ఒక్కో అక్షరం వెతుక్కుని చూపుడువేలితో పొడిచేది. మొదటిరోజు ఇరవై వరసలయ్యాయి. తిరిగొచ్చిన అటెండరు టీవీ తీగ పీకి తన హీటరు పెట్టుకుందామని గోడకున్న స్విచ్చు ఆపేశాడు, ఇరవై వరసలూ గాలిలో కలిసిపోయాయి. యంత్రం ఆపితే అన్నీ మరిచిపోతుందని ఆవిడకు అప్పుడు తెలిసింది. రెండోరోజు దానితో వచ్చిన పుస్తకం చదివి, టేపురికార్డరు తగిలించి, చేసిందంతా క్యాసెట్టులోకి ఎక్కించడం నేర్చుకుంది. మూడోరోజు 110వ వరసలో ఒక కామా మరిచిపోతే యంత్రం ససేమిరా అంది. ఆవిడ ఆ తెరను రెప్పవేయకుండా చూసింది. కామా దగ్గర ఇంత పట్టుదల పట్టేవాళ్ళను ఆవిడ జన్మలో చూడలేదు. ఎడిటరుగారు కామాలను చూసీచూడనట్టు పోనిస్తారు. రచయితలు వాటిని పిడికెడు తీసి చల్లుతారు. లోకంలో తనలాగా చదివేది ఒకటి ఉందని, అది ఇన్నాళ్ళూ పూలగుడ్డ కింద ఉందని అనిపించి ఆవిడకు మొదటిసారి ఆ యంత్రం మీద అభిమానం కలిగింది.

నాలుగోరోజు అరవై ఒక్క వరసలూ పూర్తయ్యాయి. రెండుసార్లు స్కేలు పెట్టి పత్రికతో పోల్చింది. ఒక్క తప్పు లేదు. నడపమంది. నెల అడిగింది, చెప్పింది. సంవత్సరం అడిగింది, చెప్పింది. రోజుల పేర్లు వచ్చాయి, కింద ఒక వారం అంకెలు వచ్చాయి. ఆగిపోయింది.

ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకోవలసిన మాట. అనుకున్నది రుజువైంది, తప్పు ప్రోగ్రాములోనే ఉంది. కానీ ఎందుకు ఆగిపోయిందన్నది కంట్లో నలుసులా పట్టుకుంది. పాత సంచికలు పద్నాలుగూ తీసింది. ఆ పద్నాలుగు పేజీలనూ అచ్చుకు ముందు రెండేసి సార్లు చదివినది ఆవిడే, కానీ దిద్దడానికి చదివింది, తెలుసుకోవడానికి చదవలేదు. ఇప్పుడు చదివితే ఆ మాటతక్కువ మనిషి ఎంత విడమరిచి చెప్పాడో తెలిసింది. ఫర్ అంటే ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు. నెక్స్ట్ అంటే వెనక్కి వెళ్ళి మళ్ళీ చెయ్యి. ఏ నెక్స్ట్ ఏ ఫర్‌కు చెందుతుందో పక్కన రాయవచ్చు, కానీ ఈ యంత్రాలకు చోటు తక్కువ కాబట్టి నేను రాయను, ఒక్కో అక్షరమూ మిగులే అని ఆరో నెల పేజీలో ఆయనే చెప్పుకున్నాడు.

క్యాలెండరు ముందు పెట్టుకుని స్కేలు పట్టుకుంది. యంత్రం ఏ వరస చేస్తే స్కేలు ఆ వరస కింద. 200 ఫర్, వారాలకు. 210 ఫర్, రోజులకు. 220, 230. 240 నెక్స్ట్. ఇక్కడ స్కేలును పైకి, 210కి తీసుకుపోవాలి. ఇరవై రెండేళ్ళలో ఆ స్కేలు పైకి నడవడం అదే మొదలు. ఏడుసార్లు తిరిగింది, వారం పూర్తయింది. తర్వాత 260, అయిపోయింది. 200కి వెనక్కి తీసుకుపోయే వరస ఎక్కడా లేదు. ఫర్ అంటే గేటు తీయడమైతే నెక్స్ట్ అంటే వేయడం. గేట్లు రెండు తీశాడు, ఒకటే వేశాడు. ఇంకొకటి వేస్తే? చూపుడువేలితో కొట్టింది: 250 నెక్స్ట్. నడిపింది. ఒక వారం వచ్చింది, దానికింద ఇంకో వారం, దానికింద ఇంకోటి. నెల మొత్తం తెర మీద నిండిపోయింది.

ఆ క్షణాన ఆవిడకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. పెళ్ళినాడు, ఉద్యోగం వచ్చిననాడు కూడా అంతలేదని తర్వాత తానే చెప్పేది. ఇంకో నెల అడిగింది, అదీ వచ్చింది. తన పుట్టిన నెల అడిగింది. ఆ గీసిన అంకెలు చూస్తూ చూస్తూ ఉండగా గుర్తొచ్చింది. 250. నెక్స్ట్ కింద నెక్స్ట్.

వ్రాతప్రతుల కట్ట బీరువా అడుగు అరలో ఉంటుంది. తీసి చూసింది. గళ్ళకాగితం మీద, గడికో అక్షరం చొప్పున, 250 నెక్స్ట్. దానిమీద ఎర్రగీత. ఆ గీత ఎవరిదని వెతకనక్కర్లేదు.

ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన బస్సు డిపోలో స్టోరు చూసేవాడు, మంచివాడే. నెక్స్ట్ గురించి, గేట్ల గురించి ఆవిడ కాగితం మీద గీసి మరీ చెప్పింది. అంతా విని, "ఆ పెట్టె పాడైతే నువ్వే కొనివ్వాలంటారేమో, చూసుకో" అన్నాడు. అత్తగారు ఆ కాగితం మీద గ్లాసు పెట్టింది. ఆవిడ ఇక ఆ ఊసు ఎత్తలేదు.

ఒక వారం నోరు మెదపకుండా ఉంది. మూడు నెలలకోసారి పాత వ్రాతప్రతులన్నీ చిత్తుకాగితాలవాడికి వేసేస్తారు, వాడు వచ్చే రోజు దగ్గరపడుతోంది. ఆ కట్ట పోతే ఇక ఎవరికీ ఏమీ తెలియదు. ఎక్స్ఛేంజాయన పేజీ పోతుంది, పోతే ఏం, ఆయనకు ఉద్యోగం ఉంది. తనకు ఉన్నదల్లా తప్పు పోనివ్వదన్న పేరొక్కటే. అది పోతే భూతద్దం అన్నవాళ్ళే రేపు ఇంకోటంటారు. ఇలా రోజుకో రకంగా సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకున్న ప్రతిసారీ ఆయన హాల్లోకి తలెత్తి చూసి దించేసుకోవడం కళ్ళముందుకొచ్చి అన్నం సయించేది కాదు.

ఎనిమిదోరోజున గళ్ళకాగితం పట్టుకుని ఎడిటరుగారి గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఆ ఎర్రగీత చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. కోప్పడలేదు. అంతకన్నా కష్టమైన పని చేశారు, దయ చూపించారు. పోనిద్దురూ అన్నారు. పత్రిక తన తప్పు తానే అచ్చువేసుకుంటే రేపు సీరియల్లో పేరు తప్పినా పాఠకులు లేచి కూర్చుంటారనీ, ఆ పేజీ ఎలాగూ తీసేయాలనే ఉందనీ, ఆయన కూడా తనదేనని ఒప్పుకున్నాక మనం తవ్వడమెందుకనీ అన్నారు.

అయితే పత్రికలో ఒక చిన్న ఏర్పాటుంది. పేజీ అచ్చుయంత్రం ఎక్కేముందు ఆఖరిసారి చూసేది ఎడిటరు కాదు, ప్రూఫ్ రీడరు. ఆ నెల పేర్చిన పేజీలను అచ్చుకు ఫారాలుగా బిగించే రోజున అక్కయ్యగారు ప్రెస్సులోకి దిగి, యాభై ఏడో పేజీ అడుగున నాలుగు వరసల చోటు చేయమని కంపోజిటరుకు చెప్పి, కాగితం ఇచ్చింది. 'క్రితం నెల క్యాలెండరు ప్రోగ్రాములో ఒక వరస పోయింది. ఆ తప్పు రచయితది కాదు, ప్రూఫ్ రీడరుది. 250 నెక్స్ట్ అని చేర్చుకోగలరు.' అతను చదివి ఆవిడ మొహంలోకి చూశాడు. ఎడిటరుగారికి తెలుసా అని అడగలేదు. పేర్చి చూపించాడు. ఆవిడ ఆ అక్షరాల మీద వంగి 'ఆ తప్పు రచయితది కాదు, ప్రూఫ్ రీడరుది' అన్న వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకుంది. సరే బిగించు అంది.

సంచిక వచ్చింది. ఎడిటరుగారు ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు. ఉద్యోగంలోంచి తీసేయడమే జరుగుతుందనుకుని ఆవిడ సొరుగు ఖాళీచేసుకుంది కూడా. మూడోరోజు ఎక్స్ఛేంజాయన వచ్చాడు. కాపీ తీసుకుని, నిలబడి యాభై ఏడో పేజీ చదివి, ఎన్నడూ లేనిది ఎడిటరు గది వైపు కాక ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇది వెయ్యాల్సింది కాదండీ," అన్నాడు.

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన నసుగుతూ చెప్పాడు. ఉత్తరాలు చూపించిన రోజే, పేజీ తెరవగానే, 250 లేదని తెలిసిపోయిందట. చెబితే ఆవిడ పీకల మీదికి వస్తుందని ఊరుకున్నాడట.

"నా పేజీని అక్షరం అక్షరం చదివేది మీరొక్కరేనండీ. చదివారు కాబట్టే రెండుసార్లు పడిందనుకున్నారు. చదవనివాళ్ళకి ఆ తప్పు చెయ్యడం కూడా రాదు."

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. ఆవిడకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది రోజులు తాను తిండి లేకుండా కుమిలిపోయిన తప్పును ఈ మనిషి మొదటి నిమిషంలో చూసి, జాలిపడి, జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

"నా తప్పు దాచడానికి మీరెవరండీ?" అంది. గొంతు పెద్దది కాలేదు గాని హాల్లో అందరూ తలలెత్తారు. "నేను బతికేదే తప్పులు చూపించి. నాకు కనపడని తప్పు మీకు కనపడితే నాకు చెప్పాలి. చెప్పకపోవడం మంచితనం కాదు, నన్ను చిన్నపిల్లని చెయ్యడం."

ఎక్స్ఛేంజాయన బల్ల దగ్గరికి ఇంకాస్త జరిగాడు. సంచిక మళ్ళీ తెరిచాడు. స్క్రూడ్రైవరు తీసి దాని మొనతో నాలుగు వరసల్లో ఆఖరి వరసను చూపించాడు.

"అయితే చెబుతున్నానండీ. 205 అని పడింది."

ఆవిడ చూసింది. 205 నెక్స్ట్. తన తప్పు ఒప్పుకున్న వాక్యాన్ని నాలుగుసార్లు చదివిన మనిషి, కిందనున్న అంకెను ఒక్కసారి కూడా చూసుకోలేదు. పత్రిక మొత్తంలో ప్రూఫు చదవనిదల్లా ఆ నాలుగు వరసలే. 205లో పెడితే క్యాలెండరు మళ్ళీ ఒక్క వారమే గీస్తుందని ఇప్పుడు ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. ఇరవై రెండేళ్ళలో భూతద్దం నవ్వగా చూడని కంపోజిటరు అక్షరాల పెట్టె వదిలి వచ్చి నిలబడ్డాడు.

నవ్వితే నవ్వింది గాని ఆ తప్పుతోనే పేజీ పాఠకుల చేతికి పోయింది కదా. వారం తిరక్కుండా మళ్ళీ ఉత్తరాలు. ఎడిటరుగారు మొదటిరోజు కట్ట విప్పకుండానే ఆవిడ బల్లమీద పడేశారు, మీరే చదువుకోండి అన్నట్టు. ఆవిడ విప్పింది. తిట్లు ఉన్నాయి, లేకపోలేదు. కానీ ఎక్కువ ఉత్తరాల్లో ఉన్నది వేరు. 205లో పెడితే నడవలేదు, అక్కడ ఎందుకు పనికిరాదో కూర్చుని ఆలోచించాం, అది 250లో ఉండాలి, అవునా కాదా? అన్ని రోజులవీ కలిపితే నూటముప్పై మంది కనిపెట్టారు. కొందరు ఊరుకోక, నెల పేరు పైన వచ్చేలా, ఆదివారాలు మెరిసేలా సొంత వరసలు రాసి పంపారు. సీరియల్‌కు ఏ నెలా ఇరవై దాటి ఉత్తరాలు రాలేదు. అవి లెక్కపెట్టాక ఎడిటరుగారికి కూడా జ్ఞానోదయమైంది. పేజీ ఉంటుందనీ, అక్కయ్యగారు యంత్రం మీద కొట్టి నడిపి చూశాకే ప్రెస్సుకు పోవాలనీ ఆవిడతో అన్నారు. ఉద్యోగం సంగతి ఎత్తలేదు.

ఆ పేజీ ఇంకా తొమ్మిదేళ్ళు నడిచింది. మూడో ఏడు నుంచి అడుగున రెండు పేర్లు ఉండేవి. ఆవిడ రాసిన ప్రోగ్రాములు చక్కగా ఉండేవనీ, అయితే వాటిలో చోటు కాస్త దుబారా అనీ ఎక్స్ఛేంజాయన అనేవాడు. అదంతా ఒక ఎత్తు. పేజీ ఆగడం లేదని చెప్పడానికి ఆవిడ ఎక్స్ఛేంజికి వెళ్ళిన రోజు ఒక ఎత్తు.

అంతకుముందు ఆవిడ ఎక్స్ఛేంజి లోపల చూడలేదు. పొడుగాటి గదినిండా ఇనప చట్రాలు, వాటిలో వేలకొద్దీ మీటలు టకటకా కొట్టుకుంటూ, జోరువాన రేకులమీద పడుతున్నట్టు చప్పుడు. రెండు చట్రాల మధ్య సందులో ఆయన స్టూలు మీద కూర్చుని తీగ బిగిస్తున్నాడు. పేజీ సంగతి ఆవిడ అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆయన తలూపాడు. ఎలాగండీ అని అడిగాడు. ఆవిడ సంచీలోంచి ఒక ఉత్తరం తీసింది. ఆసుపత్రిలో నర్సు ఒకామె రాసింది. చదవమని ఆయన చేతికి ఇవ్వబోతే ఆయన చేతులకు గ్రీజు ఉంది. దగ్గరికి జరిగి ఆవిడే చదివింది.

"అయ్యా, ఆ వరస 205లో కాదు, 250లో ఉండాలని నాలుగు రోజులు కూర్చుని నేనే కనిపెట్టాను. నెల మొత్తం వచ్చింది. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. గోడమీద క్యాలెండరు ఉండగా ఇదెందుకన్నారు. ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. అందుకని మీకు రాస్తున్నాను."

ఆయన తీగ వదిలేశాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, తుడిచినవే మళ్ళీ తుడుచుకున్నాడు. తన ఇంట్లో తన కంప్యూటరు వంటింటి పక్క కొట్టుగదిలో ఉంటుందనీ, ఎవరైనా వస్తే తలుపు వేసేస్తారనీ ఆయన చెప్పింది అప్పుడే.

"మా ఇంట్లోనూ అంతేనండీ," అన్నాడు.

"మా ఇంట్లోనూ," అంది ఆవిడ.

ఆయన ఇంకో స్టూలు లాగి గుడ్డతో దుమ్ము దులిపాడు. ఆవిడ కూర్చుంది. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడటానికి కాస్త దగ్గరగా వంగి, వచ్చే నెల ఏ ప్రోగ్రాము వెయ్యాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.